బియ్యమా, డబ్బా, అప్పా, కుట్టుమిషనా? సాయం చేసే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా టెన్త్ బ్యాచ్ వాళ్ళం నాలుగు రోజుల్లో రెండు లక్షల ఎనభై వేలు పోగుచేశాం. ఆ డబ్బుతో రెండు వందల యాభై కిట్లు కట్టించాం. ఒక్కో దాంట్లో పది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్, ఉప్పు, కారం, సబ్బులు. అన్నీ సర్దుకుని, బండి మాట్లాడుకుని వెళ్ళేసరికి రెండో వారం దాటింది. అప్పటికి నీళ్ళు తీశాయి. ఫైరింజన్లు వచ్చి ఇళ్ళు కడుగుతున్నాయి.

ఒక ఇంటి ముందు ఇడ్లీ బండి పెట్టుకునే అక్క కూర్చుని ఉంది. వెట్ గ్రైండర్‌ను బోర్లించి, అడుగున మోటారు ఉండే చోట పాత చీరముక్కతో తుడుస్తోంది. తుడిచినకొద్దీ నల్లటి ఒండ్రు వస్తూనే ఉంది. వెనకాల చెక్క మీద మాలాంటి వాళ్ళు ఇచ్చి వెళ్ళిన కిట్లు ఐదు వరసగా ఉన్నాయి. మేం ఆరోది ఇచ్చాం. "రాయి బాగానే ఉంది తమ్ముడూ, మోటారే పోయింది. వైండింగ్‌కి మూడు వేలు అడుగుతున్నాడు. అది తిరిగితే రేపే బండి పెడతాను" అంది. మా దగ్గర ఉన్నవి కిట్లే. ఫొటో తీసుకుని పక్కింటికి వెళ్ళాం.

తర్వాత తెలిసింది, ఆమె డైలీ ఫైనాన్స్‌లో పది వేలు తీసుకుందని. చేతికి ఇచ్చింది ఎనిమిదిన్నర వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిహేను వందలేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. మేం ఇచ్చిన కిట్టు ఖరీదు పదకొండు వందలు. ఆరు కిట్ల డబ్బు ఆరున్నర వేలు దాటింది. అందులో సగం చేతికి ఇచ్చి ఉంటే మోటారు బాగయ్యేది, ఆ అప్పూ తప్పేది.

ఈ ఏడు మళ్ళీ డబ్బు పోగైంది, ఈసారి ఆరు లక్షలు. ఎలా ఖర్చుపెట్టాలన్న వాదన గ్రూపులో నెల రోజులు నడిచింది. ఆ నెలలో నేను చదివినవీ, బ్యాంకు కౌంటరులో ఇన్నేళ్ళుగా చూసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, గుడి కమిటీలు, మాలాంటి పాత విద్యార్థుల గ్రూపులు ఎవరైనా వాడుకోవచ్చు.

లేనిది సరుకా, డబ్బా?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. 1943 బెంగాల్ కరువును పరిశీలించి అమర్త్యసేన్ చెప్పింది సూటిగా ఇది: ఆ ఏడు బెంగాల్లో బియ్యం లేక కాదు, కొనుక్కునే శక్తి పోయి జనం చనిపోయారు. ధర ఎగబాకింది, కూలి డబ్బు పెరగలేదు. కూలీలూ, చేపలు పట్టేవాళ్ళూ, చేతివృత్తుల వాళ్ళూ ముందు రాలిపోయారు. ఆకలిని చూడగానే తిండి లేదనుకుంటాం. లేనిది తిండా, తిండిని ఇంటికి తెచ్చుకునే దారా అన్నది వేరే ప్రశ్న.

సింగ్‌నగర్‌కే ఈ ప్రశ్న వేసి చూడండి. మొదటి నాలుగైదు రోజులు ఫ్లైఓవర్ దగ్గర్నుంచి పడవలు వెళ్తే తప్ప పాలప్యాకెట్ అందలేదు. కొన్నిచోట్ల డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు. అప్పుడు చేతిలో ఐదు వందల నోటు ఉన్నా పనికిరాదు, ఎందుకంటే కిరాణా కొట్టు కూడా మునిగే ఉంది. ఆ రోజుల్లో నీళ్ళ సీసా, పాలు, వండిన అన్నం ఇవ్వడమే సరైన సాయం. రెండో వారానికి కొట్లు తెరిచారు, వన్‌టౌన్ నుంచి సరుకు వస్తోంది. లేనిది సరుకు కాదు, నోటు. మేం మొదటి వారంలో చేయాల్సిన పని మూడో వారంలో చేశాం.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. మెక్సికోలో కొన్ని ఊళ్ళకు తిండి పెట్టెలు, కొన్ని ఊళ్ళకు అంతే విలువ గల డబ్బు ఇచ్చి చూశారు. పెట్టెలు వచ్చిన ఊళ్ళలో సరుకుల ధర తగ్గింది, డబ్బు వచ్చిన చోట కాస్త పెరిగింది. ఆ తేడా ఎక్కువగా కనబడింది రోడ్డు సరిగ్గా లేని మారుమూల ఊళ్ళలోనే. అంటే సరుకు తేలిగ్గా రాని చోట డబ్బు గుమ్మరిస్తే ధర పెరిగి, సాయం అందని పక్కింటి వాడికి కూడా దెబ్బ తగులుతుంది. విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల మామూలు రోజుల్లో ఆ బాధ లేదు. వీధిలోకి వెళ్ళి రెండు కొట్లలో కందిపప్పు ధర అడగండి. పటమట రైతుబజారులో ఉన్న ధరకు దగ్గరగా ఉంటే డబ్బు ఇవ్వొచ్చు. కొట్లు మూసి ఉన్నా, ధర రెట్టింపై ఉన్నా సరుకే తీసుకెళ్ళండి.

డబ్బు చేతికిస్తే తాగేస్తారా?

మా గ్రూపులో ఎక్కువసేపు నలిగింది ఈ మాటే. దీని మీద ఊహలతో పనిలేదు, కొలిచి చూసిన లెక్కలున్నాయి. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ రకం కొలతకే: లాటరీ తీసినట్టు కొందరిని ఎంచి సాయం ఇవ్వడం, అందని వాళ్ళతో పోల్చి చూడడం. ఆ పద్ధతిలోనూ, ఇతర పద్ధతుల్లోనూ వేర్వేరు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను కలిపి 2014లో ప్రపంచ బ్యాంకు వాళ్ళు చూశారు. డబ్బు సాయం వల్ల మందు, సిగరెట్ల ఖర్చు పెరిగిన దాఖలా కనబడలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా.

కెన్యాలో ఇంకో సంగతి తేలింది. ఒకే మొత్తాన్ని కొందరికి నెలనెలా, కొందరికి ఒకేసారి ఇచ్చారు. నెలనెలా అందుకున్న ఇళ్ళలో తిండి మెరుగైంది. ఒకేసారి అందుకున్న వాళ్ళు ఇంటి పైకప్పు లాంటి పెద్ద వస్తువుల మీద పెట్టారు. మనకు దీనిలో పనికొచ్చే మాట ఉంది. ఆ అక్కకు నెలకు ఐదు వందల చొప్పున ఆరు నెలలు ఇస్తే మోటారు ఎప్పటికీ తిరగదు, ఒకేసారి మూడు వేలు ఇవ్వాలి. మంచంలో ఉన్న మామగారి మందులకైతే నెలనెలా ఇవ్వాలి. మొత్తం ఎంత అన్న లెక్కతో పాటు ఎన్ని విడతలన్న లెక్క కూడా వేసుకోండి.

అదే దేశంలో తర్వాత పదివేలకు పైగా కుటుంబాలకు తలా వెయ్యి డాలర్ల దాకా ఇచ్చి, ఆ డబ్బు ఊళ్ళో ఎలా తిరిగిందో కూడా లెక్కించారు. ఇచ్చిన ప్రతి డాలరుకూ ఆ చుట్టుపక్కల రెండు డాలర్లకు పైగా వ్యాపారం నడిచింది. ధరలు పెరిగాయి గానీ పట్టించుకోవాల్సినంత కాదు. సింగ్‌నగర్ అక్క వైండింగ్ షాపుకిచ్చే మూడు వేలతో ఆ షాపు కుర్రాడి ఇంటికి కూరగాయలు వస్తాయి. మా కిట్ల డబ్బు మాత్రం హోల్‌సేల్ కొట్టుకు పోయి అక్కడే ఆగింది.

అయినా బియ్యం పక్షాన కూడా బలమైన వాదన ఉంది. ఆ వాదన మా అమ్మది. "డబ్బు ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. బియ్యం మాత్రం కుండలోకే పోతాయి" అంటుంది. ఎన్టీఆర్ 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో తిన్నది ఆ బియ్యమే, అందుకే ఆమె మాటను కొట్టిపారేయలేను. ఆమె చెప్పినదానిలో రెండు సంగతులున్నాయి. ఇంట్లో పెత్తనం ఎవరిది అన్నది ఒకటి. ధర పెరిగినప్పుడు కాపాడేది ఏది అన్నది రెండోది. నెలకు వెయ్యి రూపాయలు ఇస్తామని మాటిచ్చాక బియ్యం ధర పెరిగితే ఆ వెయ్యికి వచ్చేది తగ్గుతుంది. నెలకు ఇరవై కిలోలని మాటిస్తే ఎప్పుడూ ఇరవై కిలోలే. ఏళ్ళ తరబడి నడిచే ప్రభుత్వ పథకానికి ఇది పెద్ద సంగతి. మనం చేసే ఒక్కసారి సాయానికి అంత కాదు. ఇంటి పెత్తనం సంగతికి మాత్రం విరుగుడు మన చేతిలో ఉంది: ఇంటి ఇల్లాలి ఖాతాలో వేయండి.

ఖాతా అన్నాను కాబట్టి కౌంటరులో చూసింది చెప్పాలి. డబ్బు వేసే ముందు ఆ ఖాతాకు ఏదైనా ఈఎంఐ కలిపి ఉందేమో అడగండి. వరద సాయం కింద వచ్చిన డబ్బు పడగానే పాత వాయిదా కింద కోతపడి, ఖాళీ పాస్‌బుక్ పట్టుకుని నిలబడిన వాళ్ళను చూశాను. అలాంటి ఖాతా అయితే నగదే ఇచ్చి సంతకం తీసుకోండి.

అప్పు ఇవ్వాలనుకుంటే

"ఊరికే ఇస్తే విలువ ఉండదు, వడ్డీ లేని అప్పు ఇద్దాం, తిరిగొస్తే ఇంకొకరికి ఇవ్వొచ్చు" అన్నది మాలో వ్యాపారం చేసేవాళ్ళ మాట. వినడానికి బాగుంది. కానీ మన ప్రాంతంలో అప్పు కథ తెలియకుండా ఈ దారి పట్టకూడదు. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ళ ఒత్తిడి మీద గొడవలు రేగి, అధికారులు మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే) సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. 2010 అక్టోబరులో ఆ సంస్థల వసూళ్ళకు కళ్ళెం వేస్తూ రాష్ట్రమంతటికీ ఆర్డినెన్స్ వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో, అధిక వడ్డీకి అప్పులిచ్చి కట్టలేని ఆడవాళ్ళను వేధించిన కాల్ మనీ వ్యవహారం బయటపడింది. ఈ ఊళ్ళో అప్పు అన్న మాట వినగానే ఆడవాళ్ళ ముఖం మారిపోవడానికి కారణాలున్నాయి.

మరి చిన్న అప్పులు పేదరికాన్ని తగ్గిస్తాయా? హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, లాటరీతో సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ శాఖ తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. సగటు కుటుంబం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల చదువులోనూ రాలేదు. అయితే అప్పటికే ఏదో ఒక వ్యాపారం చేస్తున్న వాళ్ళు దాన్ని పెంచుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి చూసినా లాభం నిలిచింది ప్రధానంగా వాళ్ళకే. అప్పు వచ్చిందని కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన వాళ్ళకు పెద్దగా ఒరగలేదు.

కాబట్టి నా లెక్క ఇది. వరదకు ముందు నడుస్తున్న బండి, టైలరింగ్, పూలకొట్టు ఉండి, ఇప్పుడు సరుకు పెంచుకోవాలనుకునే వాళ్ళకు వడ్డీ లేని అప్పు పనికొస్తుంది. వ్యాపారం మునిగిపోయి సున్నా దగ్గర ఉన్నవాళ్ళకు అప్పు ఇవ్వొద్దు, ఊరికే ఇవ్వండి. ముఖ్యంగా డైలీ ఫైనాన్స్ ఉచ్చులో ఉన్నవాళ్ళకు ఇంకో అప్పు తగిలించొద్దు. మిగిలిన కిస్తీలు ఎంతో కనుక్కుని ఒకేసారి తీర్చేస్తే, రోజుకు వంద రూపాయలు ఆ ఇంటికే మిగులుతాయి. ముందే కడితే మినహాయింపు ఇస్తారా అని ఫైనాన్స్ వాళ్ళను గట్టిగా అడగండి, చాలామంది ఎంతో కొంత ఒప్పుకుంటారు. ఆరు లక్షల్లో ఇంతకంటే గట్టి పని చేసే రూపాయి నాకు కనబడలేదు.

ఇంకొకటి. అప్పు ఇచ్చాక వసూలుకు ఎవరు వెళ్తారో ముందే తేల్చుకోండి. స్నేహితుల గ్రూపులో ఆ పని ఎవరూ చేయరు. ఎవరూ వెళ్ళకపోతే అది అప్పు కాదు. అలాంటప్పుడు మొదటే ఊరికే ఇచ్చేస్తే తీసుకున్నవాళ్ళు మన కంటబడకుండా తప్పుకు తిరిగే బాధ ఉండదు.

గేదె, కుట్టుమిషన్, తోపుడు బండి

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. బాగా పేద ఇంటికి ఆవో మేకలో ఇస్తారు, కొన్ని నెలలు తిండి ఖర్చు ఇస్తారు, వారం వారం ఒకరు వచ్చి ఎలా నడుస్తోందో చూసి చెబుతారు. దీన్నే ఇథియోపియా, ఘనా, హోండురస్, ఇండియా, పాకిస్తాన్, పెరూ దేశాల్లో చేసి చూసి 2015లో ఫలితాలు బయటపెట్టారు. కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత కూడా తిండి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్లో పదేళ్ళ తర్వాత చూసినా ఫలితం నిలిచింది. డబ్బు, వస్తువు, తోడు మూడూ కలిసినప్పుడు వచ్చిన ఫలితం ఇది. గేదెను ఇచ్చి ఫొటో దిగి వచ్చేస్తే ఇది రాదు.

అయితే మెదక్ జిల్లాలో ఇదే పద్ధతి తేలిపోయింది. అక్కడ కూలి పనులు బాగా దొరుకుతున్నాయి. గేదె వచ్చిన ఇల్లాలు దాన్ని చూసుకోవడానికి కూలి మానేసింది. పాల మీద వచ్చింది, కూలి మీద పోయింది. ఇది గుంటూరు చుట్టుపక్కల వాళ్ళు మరీ గుర్తుపెట్టుకోవాలి. సంక్రాంతి దాటాక మిరపకోతల కాలంలో కర్నూలు వైపు కోసిగి, ఆదోని నుంచి కుటుంబాలు కుటుంబాలే ఇటు వస్తాయంటే ఆ నెలల్లో చేతికి ఎంత పని ఉంటుందో ఊహించుకోవచ్చు. అలాంటి కూలికి వెళ్ళే మనిషికి జనవరిలో గేదెను ఇస్తే ఆమె ఆ సీజను పోగొట్టుకుంటుంది. ఏదైనా వస్తువు ఇచ్చే ముందు "ఇది చూసుకోవాలంటే ఇప్పుడు చేస్తున్న ఏ పని మానాలి?" అని అడగండి.

కుట్టుమిషన్ల గురించి కాస్త గట్టిగానే చెబుతాను. సాయం అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. ఒకే వీధిలో పదిమందికి మిషన్లు ఇస్తే జాకెట్టు కుట్టు కూలి పడిపోతుంది, ముందు నుంచి కుడుతున్న ఆమె నష్టపోతుంది. కుట్టుపని తెలిసి, మిషన్ పాడైన వాళ్ళకే ఇవ్వండి. మిగతా వాళ్ళకు డబ్బిచ్చి, ఏం కొనుక్కోవాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

పిల్లల ఫీజులు

దీని మీద మాలో పెద్ద వాదన జరగలేదు, జరగాల్సింది మాత్రం ఒకటుంది: షరతు పెట్టాలా వద్దా? బడికి పంపితేనే డబ్బు అన్న పద్ధతిని మెక్సికో 1997లో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 2020లో వచ్చిన అమ్మ ఒడికి కూడా 75 శాతం హాజరు షరతు ఉండేది. మలావీలో ఆడపిల్లల మీద రెండు రకాలూ పోల్చారు. షరతు ఉన్న గుంపులో చదువు మెరుగ్గా సాగింది. షరతు లేని గుంపులో మాత్రం చిన్న వయసు పెళ్ళిళ్ళు, కాన్పులు తగ్గాయి, ఎందుకంటే బడి మానేసిన పిల్లకు కూడా ఆ డబ్బు అందుతూనే ఉంది. షరతు పెడితే, సాయం అందరికంటే ఎక్కువ కావాల్సిన పిల్లే ముందు తప్పిపోతుంది.

మొరాకోలో మధ్యే దారి దొరికింది. షరతు ఏమీ లేదు, "ఇది పిల్లల చదువుకి" అని చెప్పి ఇచ్చారు, అంతే. బడికి వెళ్ళే పిల్లలు పెరిగారు. ఇది మనకు కొత్త కాదు. పండక్కి మేనమామ నోటు చేతిలో పెట్టి "బట్టలు కుట్టించుకో" అంటే, ఆ నోటును కూరగాయలకు తియ్యడానికి మనసొప్పదు. జూన్‌లో, బడి తెరిచే వారంలో, పేరు చెప్పి ఇవ్వండి. రసీదులు అడగొద్దు.

దోమతెరలు, కళ్ళద్దాల లాంటివి ఇస్తుంటే పదో పరకో ధర పెట్టాలన్న ఆలోచన మానుకోండి. కెన్యాలో దోమతెరలకు చిన్న ధర పెట్టగానే తీసుకునేవాళ్ళు సగానికి పైగా తగ్గిపోయారు. ఉచితంగా తీసుకున్న వాళ్ళు, కొనుక్కున్న వాళ్ళలాగే వాటిని వాడారు.

పేర్లు ఎవరు రాయాలి?

ఇండోనేషియాలో 640 ఊళ్ళలో దీన్నీ పరీక్షించారు. కొన్నిచోట్ల అధికారులు ఇల్లు, వస్తువులు చూసి మార్కులు వేశారు. కొన్నిచోట్ల ఊరివాళ్ళే కూర్చుని ఎవరు ఎక్కువ పేదో వరస పెట్టారు. ఖర్చు లెక్కల ప్రకారం చూస్తే అధికారుల జాబితా కాస్త నయం. కానీ ఊరివాళ్ళు తృప్తిపడింది, గొడవలు తగ్గింది సొంతంగా పెట్టుకున్న వరసతోనే. వరదలో ప్రభుత్వం కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అని ఒక గీత గీసింది, లక్షల మందికి ఇవ్వాలంటే అలాంటి గీత తప్పదు. అరవై ఇళ్ళకు ఇచ్చే మనకు ఆ అవసరం లేదు. వీధిలో డ్వాక్రా సంఘం వాళ్ళతో ఓ సాయంత్రం కూర్చుంటే, ఎవరి ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడో, ఎవరు బంగారం తాకట్టు పెట్టారో వాళ్ళే చెబుతారు. ఒక్క సంఘంతో ఆగొద్దు, రెండు సంఘాలను విడివిడిగా అడగండి. రెండు జాబితాల్లోనూ వచ్చిన పేర్లు మొదట. ఏ సంఘంలోనూ లేని ఒంటరి ఆడవాళ్ళు, వేరే ఊళ్ళ నుంచి వచ్చి అద్దెకున్న వాళ్ళు రెండిటిలోనూ ఉండరు, వాళ్ళ గురించి విడిగా అడగాలి.

మా ఆరు లక్షలు ఇలా పంచుకున్నాం. రెండున్నర లక్షలు డైలీ ఫైనాన్స్ బాకీలు తీర్చడానికి. లక్షన్నర ఒకేసారి ఇచ్చే డబ్బు కింద, ఇంటికి ఐదు వేలకు మించకుండా. లక్ష జూన్‌లో పిల్లల చదువుకి. యాభై వేలు, ముందు నుంచి వ్యాపారం ఉన్న పదిమందికి వడ్డీ లేని అప్పు. వసూలుకు ఇద్దరం పేరు రాసుకున్నాం. మిగిలిన యాభై వేలు కదపడం లేదు. మళ్ళీ నీళ్ళొస్తే మొదటి మూడు రోజుల పాలకీ నీళ్ళకీ అది కావాలి. ఏ డెయిరీ బూత్ అప్పటికప్పుడు ఇస్తుందో, పడవ ఎవరి దగ్గర ఉందో ఈ నెలలోనే మాట్లాడి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకుంటున్నాం.